చికిత్స ముగిసిన పిమ్మట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సభలో నాలుగు మాటలు మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినపుడు, గ్రంథాలయోద్యమమును గూర్చి చెప్పుదమని మొదట తలచితిని. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1905లో మన సికింద్రాబాదున ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయమును వెలసిన కథ మీలో పెక్కుమందికి తెలిసినదే. దానిని నాకంటె బాగుగా చెప్పగల పెద్దలు ఈ వేదికమీదనే యున్నారు. కావున నేను నా యింటిలో జరిగిన యొక సంగతిని, దానివలన నేను ఆలస్యముగా నేర్చుకొన్న పాఠమును చెప్పి, దానికిని ఈ గ్రంథాలయమునకును గల సంబంధమును మనవి చేసికొందును.

ఆ సంగతి కాన్సరు వ్యాధి. ఈ మాట చెవిని పడగానే కొందరు తల వంచుకొనుట చూచుచున్నాను. పండుగనాడు ఇట్టి ప్రసంగమేల యని తలపవలదు. ఈ మాటను పలుకుటకు మనము వెనుదీయుటతోనే రోగి ఒంటరితనము మొదలగుచున్నది.

మన పూర్వులు దీనిని రాచపుండు అనిరి. ఆ పేరు వినబడిన యింటికి ఇక ఆశ లేదని భావించిరి. నేడు ఆ భావము సరికాదు. 1955లో హైదరాబాదున రేడియం చికిత్సాలయముగా ప్రారంభమై, నేడు రెడ్ హిల్సులో మెహదీ నవాజ్ జంగ్ పేరిట నడచుచున్న ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రి కలదు. 1985లో కాన్సరుతో మరణించిన నందమూరి తారక రామారావుగారి సతీమణి బసవతారకముగారి పేరిట 2000లో ప్రారంభమైన ఆసుపత్రి కలదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకమువలన పేదలకును ఈ చికిత్సలు అందుబాటులోనికి వచ్చినవి. మన తెలుగువాడు, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైన మందుతోనే బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తకాన్సరు సోకిన పిల్లలకు చికిత్స చేసి, ఆ వ్యాధిని తాత్కాలికముగానైనను వెనుకకు మరలింపవచ్చునని 1948లో లోకమునకు చాటెను. ఆ కుటుంబమునకే చెందిన మెథోట్రెక్సేటు నేటికిని ఆసుపత్రులలో వాడుకలో నున్నది.

ఇవన్నియు దేహమునకు జరుగు చికిత్సలు. ఇవి ముగిసిన పిమ్మట రోగి యింటికి వచ్చును. అప్పటినుండి ఆ మనిషికేమి జరుగును? ఆమెకు అన్నము కలిపిపెట్టిన మనిషికేమి జరుగును? నేను చెప్పదలచినది ఇదియే.

ఆరేండ్ల క్రిందట నా భార్యకు రొమ్ము కాన్సరు అని తేలినది. నేను అప్పటికి రైల్వే గుమాస్తా యుద్యోగమునుండి విరమించి రెండేండ్లయినది. మొదట శస్త్రచికిత్స, తరువాత మూడు వారముల కొకసారి చొప్పున ఆరు కీమోలు, ఆ పిమ్మట మనవారు కరెంటు పెట్టించుట యని చెప్పు కిరణ చికిత్స. అన్నియు కలిసి ఎనిమిది నెలలకు పైగా పట్టినవి. ఆ యెనిమిది నెలలును చిలకలగూడలో మా గుమ్మము తొక్కని బంధువు లేడు. బత్తాయిలు తెచ్చిరి, విభూతి తెచ్చిరి, ధైర్యము చెప్పిరి. ఎవరి ప్రేమను నేను తక్కువ చేయుట లేదు.

కిరణ చికిత్స ముగిసిన దినమున వైద్యులు చిరునవ్వుతో, "ఇక మూడు నెలలకు రండి" అనిరి. నేను సంతోషముతో దారిలో మిఠాయి కొంటిని. ఇంటికి వచ్చి చూచునప్పటికి ఆమె చెప్పులు విడువకయే కుర్చీలో కూర్చుండి యున్నది. "ఏమైనది?" అని అడిగితిని. "ఇన్నాళ్లూ రోజూ ఎవరో ఒకరు నన్ను చూస్తూ ఉండేవారు. రేపటినుంచి ఎవరు చూస్తారండీ?" అన్నది.

నాకు ఆ మాట అర్థము కాలేదు. చికిత్స ముగియుట శుభము గదా యని నా తలంపు. తరువాత వైద్యులు వివరింపగా తెలిసినది, ఇది ఈమె యొక్కతె భయము కాదనియు, చాలమంది రోగులకు చికిత్స ముగిసిన వెంటనే గుండెదిటవు సడలుననియు. చికిత్స జరుగుచున్నంతకాలము పని యుండును. నేడు రక్తపరీక్ష, రేపు సూది, ఎల్లుండి కిరణము. భయపడుటకు తీరిక దొరకదు. అన్నియు ముగిసిన తరువాత ఆ భయమంతయు ఒక్కసారిగా వచ్చి కూర్చుండును. మోకాలు నొచ్చినను వ్యాధి తిరిగి వచ్చినదేమో యని యనుమానము. పరీక్షకు పోవలసిన తేది దగ్గరపడినకొలది నిద్ర యుండదు.

దేహమును వెంటనే కుదుటపడదు. కీమో ముగిసిన నెలలకుగాని జుట్టు తిరిగి రాదు. అరికాళ్లు, వ్రేళ్లు తిమ్మిరులెక్కును. శస్త్రచికిత్స జరిగిన వైపు చేయి కొందరికి వాచును. నోటికి, గొంతునకు కిరణములు పెట్టించుకొన్నవారికి లాలాజలమింకి, అన్నము రుచి తెలియదు. అన్నిటికంటె కష్టమైనది అలసట. నిద్రపోయి లేచినను తీరని అలసట అది, నెలల తరబడి యుండును. చూచువారికి మాత్రము మనిషి బాగుగనే కనబడును. "ఇంకేమి, నయమైనది గదా, లేచి తిరుగు" అందురు. మా యింటికి వచ్చువారు అప్పటికే తగ్గిపోయిరి. పరామర్శకు ఒక కాలమున్నది గదా! ఆ కాలము ముగిసినది. ఆమెకు తోడు అక్కరపడిన కాలము అప్పుడే మొదలైనది.

ఇక నా తప్పు చెప్పెదను. ఆమె దిగులుగా కనబడినప్పుడెల్ల నేను, "నీకేమియు కాదు, ధైర్యముగా నుండుము" అనుచుంటిని. అది నా ధర్మమని యనుకొంటిని. ఒకనాటి రాత్రి మెలకువ వచ్చి చూడగా ప్రక్కన ఆమె లేదు. వంటయింటిలో దీపము లేదు గాని కుళాయి చప్పుడగుచుండెను. లోపలికి పోతిని. ఆమె ఏడ్చుచున్నది. ఆ యేడుపు నాకు వినబడకుండుటకై కుళాయి త్రిప్పినది. నేను మరల నా పాత మాటనే యెత్తుకొనబోగా ఆమె, "మీరు ధైర్యంగా ఉండమన్నప్పుడల్లా నాకు భయంగా ఉందని చెప్పుకోవడానికి వీలు లేకుండా పోతోందండీ" అన్నది. నలువదేండ్ల కాపురములో నాకింత సూటిగా ఎవరును బుద్ధి చెప్పలేదు. ఆ రాత్రి కుళాయి కట్టివేసి, ఆ చీకటిలోనే ప్రక్కన కూర్చుంటిని. ఏమియు మాటలాడలేదు. ఆమె మాటలాడినది. తెల్లవారినది.

మరికొన్ని దినములకు ఒక సాయంకాలము మా బస్తీలో కూరగాయలు అమ్ము ఒక స్త్రీ గంప గుమ్మమువద్ద దించి, తలుపు ఓరగా వేసి, నా భార్య ప్రక్కన కూర్చుండెను. "నాలుగేండ్ల కింద నాకు గూడ గిదే ఆపరేషనయింది అమ్మా. ఎవ్వలికి చెప్పలె. సూడు, నడుస్తున్న, నవ్వుతున్న, బేరం జేస్తున్న" అన్నది. నా భార్య ఆమెను అడిగిన ప్రశ్నలు నేను పదిమంది వైద్యుల యెదుట ఉన్నను అడిగి యుండననుకొందును. రవిక యెట్లు కుట్టించుకొంటివి? చేయి ఎంతవరకు లేపగలవు? నీ భర్త నిన్నెట్లు చూచెను? నేను బయటికి వచ్చివేసితిని. లోపలినుండి చాల నెలల తరువాత మొదటిసారిగా నవ్వు వినబడినది. ఆ యేడు జుట్టు పూర్తిగా రాకున్నను నా భార్య ఆమె చేయి పట్టుకొని బతుకమ్మ ఆటకు పోయినది.

కూరగాయల గంపతో ఆమె చేసిన పనిని లోకములో ఇతరులును చేసి యున్నారు. 1952లో న్యూయార్కు నగరమున టెరీస్ లాసరు అను స్త్రీకి ఇట్టి శస్త్రచికిత్సయే జరిగినది. ఇంటికి పోయిన పిమ్మట చేయి ఎట్లు కదల్పవలెను, బట్ట యెట్లు కట్టుకొనవలెను, మనస్సు నెట్లు నిలుపుకొనవలెను అను విషయములు చెప్పువారు ఆమెకు దొరకలేదు. అందువలన ఆమెయే ఆసుపత్రులకు పోయి, క్రొత్తగా చికిత్స పొందిన స్త్రీల మంచముల ప్రక్కన కూర్చుండుట మొదలిడెను. ఆ పని పెరిగి పెద్దదై, 1969లో అమెరికా కాన్సరు సంఘము దానిని తన కార్యక్రమముగా స్వీకరించెను. అనుభవించినవారు అనుభవించుచున్నవారికి చెప్పు మాటకు గల విలువ వైద్యులకును అప్పుడు తెలిసినది.

మన పొరుగుననే కేరళములో 1993లో కోళిక్కోడు వైద్య కళాశాలను ఆశ్రయించి కొందరు వైద్యులు నొప్పి నివారణ సేవను ప్రారంభించిరి. కొంతకాలమునకు ఈ భారము వైద్యులు మాత్రమే మోయగలది కాదని గ్రహించి, ఊరూర ఇరుగుపొరుగువారికి తర్ఫీదు నిచ్చి దానిని పొరుగువారి సేవగా మార్చిరి. ఉపాధ్యాయులు, విద్యార్థులు, దుకాణదారులు వారమునకు రెండు గంటలు రోగుల యిండ్లకు పోవుచుందురు. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వము దీనికొక విధానమునే ప్రకటించినది. మన తెలంగాణములోను జిల్లాలలో ఇట్టి ఉపశమన చికిత్సా కేంద్రములు ఏర్పడినవి. ఈ సేవ అవసానకాలమునకు మాత్రమే యను భ్రమ మనలో కలదు. నొప్పి, దిగులు, నిద్రలేమి ఎప్పుడున్నను అప్పుడే దానిని అడుగవచ్చును.

ఇక తోడుండువారి సంగతి. ఆ దినములలో నన్ను కలిసిన ప్రతివారును, "అమ్మగారెట్లున్నారు?" అనియే అడిగిరి. అది న్యాయమే. కాని నేనెట్లున్నానో నాకే తెలియదు. రక్తపోటు మాత్రలు మరచితిని. ఒకనాడు ఆమె రెండు ముద్దలు తిని కంచము ప్రక్కకు నెట్టగా, పెద్దగా కేకలు వేసితిని. వేసిన తరువాత సిగ్గుపడి వీధిలోనికి వచ్చి, ఎక్కడికి పోవుటకును తోచక ఈ గ్రంథాలయములోనికి వచ్చి కూర్చుంటిని. పత్రిక తలక్రిందులుగా పట్టుకొనియున్నానట! గ్రంథపాలకులవారు దానిని నెమ్మదిగా తిన్నగా త్రిప్పి, "మీరెట్లున్నారు?" అని అడిగిరి. సమాధానము చెప్పలేక కన్నీరు పెట్టుకొంటిని. వారు ఉపదేశమేమియు చేయలేదు. "రోజు సాయంత్రం ఒక గంట ఇక్కడికి రండి. ఆ గంట అమ్మగారి దగ్గర మా చెల్లెలు కూర్చుంటుంది" అనిరి. ఆ గంటయే నన్ను నిలబెట్టినది. రోగికి సేవ చేయువాడు తానుకూడ తినవలెను, నిద్రింపవలెను, ఒకరితో చెప్పుకొనవలెను. ఇది స్వార్థము కాదు. దీపమున చమురు పోయకుండ వెలుగు నడుగుట తగునా?

నేను నేర్చుకొన్న కొన్ని విషయములను మీ ముందుంచెదను.

మొదటిది, కాన్సరు అంటువ్యాధి కాదు. మా యింటిలోనే ఒక చుట్టము తనకిచ్చిన కాఫీ త్రాగక గ్లాసు క్రింద పెట్టి పోయెను. నా భార్య ఆ గ్లాసును చాలసేపు చూచినది. రోగితో కలిసి తినుటవలన, తాకుటవలన ఈ వ్యాధి రాదు. బయటి యంత్రముతో కిరణములు పెట్టించుకొన్నవారి దేహమున ఆ కిరణములు నిలిచియుండవు. నిజమునకు భయపడవలసినది మననుండి వారికే. కీమో కాలమున వారికి రోగనిరోధక శక్తి తగ్గియుండును గనుక జలుబు, జ్వరము ఉన్నవారు వారి దగ్గరకు పోరాదు.

రెండవది, చూడబోయినప్పుడు ఇతరుల చావు కథలు చెప్పవలదు. ఏ పాపము చేసితిరో, ఏ కర్మమో యనవలదు. ఆకు పసరులు, వేరు ముక్కలు చెప్పి వైద్యమును మాన్పింపవలదు. ఏడ్చినచో ఏడ్వనిండు. మాటలాడనిచో ఊరక కూర్చుండుడు.

మూడవది, "ఏమైన కావలసినచో చెప్పుడు" అని పోవుట సులభము. అడుగుటకు ఎవరికిని నోరు రాదు. "బుధవారము ఆసుపత్రికి నేను తోడు వచ్చెదను", "ఈ పూట మీ పిల్లల భోజనము మా యింట" అని చెప్పినవాడే సాయపడినవాడు.

నాలుగవది, ఇంటిలోని పిల్లలకు వారి వయస్సునకు తగిన మాటలతో నిజము చెప్పవలెను. చెప్పకున్నచో వారు తమ అల్లరివలననే అమ్మకు జబ్బు చేసినదని లోలోపల క్రుంగుదురు.

అయిదవది, దిగులు రెండు వారములు దాటి విడువకున్నను, నిద్ర, ఆహారము మానినను, బ్రదుకవలెనను కోరిక లేదన్నను, అది బలహీనత యని మందలింపక వైద్యునికి చెప్పవలెను. దానికిని చికిత్స కలదు. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసిన తెలుగులోనే మాటలాడవచ్చును. దానికి రుసుము లేదు. రోగికే కాదు, తోడున్నవారికిని ఇది పనికివచ్చును.

ఆ కూరగాయలమ్ము స్త్రీ కథ నేను పూర్తి చేయలేదు. రెండేండ్ల తరువాత ఆమె వ్యాధి తిరుగబెట్టినది. ఈసారి మందులు దానిని ఆపలేదు. ధైర్యము చెప్పువారి మాటలన్నియు ఇట్టిచోట ఆగిపోవును. నా భార్య ఆగలేదు. ప్రతిదినము మధ్యాహ్నము ఆమె గదికి పోయి కూర్చుండెడిది. ఇంటికి వచ్చి చూచు వైద్యబృందము నొప్పికి మార్ఫిను మాత్రలిచ్చి, పుండు కట్టు కట్టు విధమును నా భార్యకు నేర్పిరి. నొప్పి తగ్గిన గంటలలో వారిద్దరును కూరగాయల ధరలు చెప్పుకొనుచు నవ్వుకొనుట నేను వింటిని. ఆమె నేడు లేదు. వైద్యము ఆమెను బ్రదికింపలేకపోయినది, కాని ఆమె ఒంటరిగా పోలేదు. ఈ రెండవ సంగతి మన చేతిలోనున్నదని నేను దృఢముగా చెప్పగలను.

నా భార్య ఈ సభలో స్త్రీల వరుసలో కూర్చున్నది. ఆమె అనుమతితోనే ఇంత చెప్పితిని. వచ్చే వారము ఆమెకు పరీక్ష కలదు. ఇప్పటికిని ఆ వారమున మాకిద్దరికిని సరిగా నిద్రపట్టదు. కాని ఇప్పుడు ఆ మాట ఒకరికొకరము చెప్పుకొనగలుగుచున్నాము.

కడపట, కార్యవర్గమువారికి మూడు చిన్న మనవులు. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఎవరి కులము, ఎవరి జేబు అడుగక అందరికిని తలుపు తెరచినది. వారమునకు ఒక మధ్యాహ్నము ఈ లోపలి గదిని ఇట్టి చికిత్స పొందినవారికిని, వారికి తోడున్నవారికిని విడిచిపెట్టవలెను. అక్కడ ఉపన్యాసములు వలదు, పేర్లు వ్రాసికొనుట వలదు. వచ్చినవారు మాటలాడుకొందురు, లేదా ఊరక కూర్చుందురు. రెండవది, నడచి రాలేని రోగుల యిండ్లకు మన యువకులు పుస్తకములు కొనిపోవలెను. కన్నులకు అలసట గలవారికి ఒక అరగంట చదివి వినిపింపవలెను. మూడవది, ఆసుపత్రికి తోడు పోగలవారి పట్టిక యొకటి గ్రంథపాలకులవారి బల్లమీద నుండవలెను. ఆ పట్టికలో మొదటి పేరు నాది. రెండవ పేరు నా భార్య వ్రాయుదునన్నది.

దీనికి ధనము అక్కరలేదు. వారమునకొక గంట చాలును. ఆ గంట విలువ యెంతటిదో తలక్రిందులుగా పత్రిక పట్టుకొన్న మనిషిగా నాకు తెలియును.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును జరుపుకొనునాటికి మన చిలకలగూడలో ఏ రోగియు, ఏ రోగి తోడును ఒంటరిగా నుండకుందురు గాక యని కోరుచు విరమించుచున్నాను.